ఆర్లిస్టాట్ ఏం చేస్తుంది, ఏం చేయదు

‘కొవ్వు కరిగించే క్యాప్సూల్’ పేరుతో జనం నోళ్లలో నానే మందు ఆర్లిస్టాట్. 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం పొందింది. పాతికేళ్లు దాటినా దీని మీద అపోహలు తగ్గలేదు. లేనిపోని ఆశలు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, లేనిపోని భయం పెట్టుకునేవాళ్లూ ఉన్నారు.

అపోహ: ఒంట్లో పేరుకున్న కొవ్వును కరిగిస్తుంది.

కరిగించదు. పొట్ట మీది కొవ్వు జోలికే పోదు. దీని పనంతా జీర్ణకోశంలోనే, అదీ ఆ పూట తిన్న నూనె, నెయ్యి మీదే. పప్పన్నంలో కలుపుకున్న నేతిబొట్టునే తీసుకోండి. అందులోని కొవ్వు అణువులో గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. అంత పెద్ద అణువు పేగు గోడ దాటలేదు. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైము కత్తెరలా ఆ ఆమ్లాలను తెంపితేనే అవి ఒంటికి పడతాయి. ఆర్లిస్టాట్ ఆ లైపేజ్‌కు అతుక్కుపోయి తెంపే పని సాగనివ్వదు. 120 మిల్లీగ్రాముల క్యాప్సూల్ భోజనంతో వేసుకుంటే అందులోని కొవ్వులో సుమారు 30 శాతం అరగకుండా మలంతో పోతుంది. మిగతా 70 శాతం ఎప్పటిలాగే ఒంట్లో చేరుతుంది. అలా తగ్గిన కేలరీల లోటును పూడ్చుకోవడానికి శరీరం తన నిల్వలు తీస్తేనే బరువు తగ్గేది.

అపోహ: ఇది వేసుకుంటే ఏం తిన్నా ఫర్వాలేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. లెక్క చూద్దాం. రోజుకు 60 గ్రాముల కొవ్వు తినేవాళ్లకు 18 గ్రాములు బయటికి పోతాయి. అంటే సుమారు 160 కేలరీలు. రోజుకోసారి మారు అన్నం పెట్టించుకుంటే చాలు, అవన్నీ తిరిగి వచ్చేస్తాయి. అన్నం, ఇడ్లీ, పంచదార, కూల్‌డ్రింకు మీద ఈ మందుకు ఏ అధికారమూ లేదు. అది పిండిపదార్థాలను ఆపదు, ఆకలినీ తగ్గించదు. మన కంచంలో సగానికి పైగా అన్నమే ఉన్నప్పుడు ఈ మందుకు దక్కేది చిన్న వాటా అని ముందే తెలుసుకోవాలి.

పోనీ పూరీలు, గారెలు తిని క్యాప్సూల్ మీద భారం వేద్దామంటే, అరగని నూనె ఊరుకోదు. గ్యాస్‌తో పాటు నూనె జారడం, లోదుస్తులకు మరకలు, ఉన్నట్టుండి బాత్రూంకి పరుగు తీయాల్సి రావడం మొదలవుతాయి. కొందరు ఆ నూనెను చూసి ‘కొవ్వు కరిగి పోతోంది’ అని సంబరపడతారు. అది ఒంటి కొవ్వు కాదు, తిన్న తిండిలోని నూనే. రోజు కేలరీల్లో కొవ్వు వాటా 30 శాతం మించకుండా, మూడు పూటలకూ సర్దుకుని తింటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. భోజనం మానేసిన పూట, కొవ్వు లేనిది తిన్న పూట క్యాప్సూల్ అక్కర్లేదు.

అపోహ: గుండెకు, మెదడుకు ప్రమాదం.

ఈ భయం మరో మందు నుంచి వచ్చిందనుకుంటాను. మెదడు మీద పనిచేసి ఆకలిని అణచే సిబుట్రమిన్‌ను గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. ఆర్లిస్టాట్ దారి వేరు. అది రక్తంలోకి చేరేదే అతి స్వల్పం.

అలాగని ఎవరు పడితే వాళ్లు వేసుకునే మందూ కాదు. కొవ్వుతో పాటే ఒంటికి పట్టే ఎ, డి, ఇ, కె విటమిన్లు తగ్గుతాయి కాబట్టి మల్టీవిటమిన్ మాత్ర కావాలి, దాన్ని పడుకునేటప్పుడు వేసుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. గర్భిణులకు, పైత్యరసం సరిగా పారని జబ్బున్నవాళ్లకు ఇది పనికిరాదు. అరుదుగా కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి.

థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. బరువు పెరిగామని ఈ మందు దగ్గరికి వచ్చేవాళ్లలో వాళ్లూ ఉంటారు. ఆ మాత్రకూ ఆర్లిస్టాట్‌కూ మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. ఉదయం 6కి పరగడుపున థైరాయిడ్ మాత్ర, 8కి టిఫిన్‌తో ఈ క్యాప్సూల్ వేసుకుంటే థైరాయిడ్ మందు సరిగా ఒంటపట్టకపోవచ్చు. టిఫిన్ పూట క్యాప్సూల్ వదిలేయాలా అన్నది డాక్టర్‌నే అడగండి.

అపోహ: అసలు పనిచేయదు.

పనిచేస్తుంది, కాని కొద్దిగానే. స్వీడన్‌లో 3,305 మంది ఊబకాయుల మీద నాలుగేళ్లు సాగిన జెండోస్ అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. అందరూ తిండి తగ్గించి, వ్యాయామం చేశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు సగటున 3 కిలోలు తగ్గితే, ఆర్లిస్టాట్ వేసుకున్నవాళ్లు 5.8 కిలోలు తగ్గారు. మధుమేహం వచ్చినవాళ్లు మొదటి గుంపులో 9 శాతం, రెండో గుంపులో 6.2 శాతం. నా దృష్టిలో తగ్గిన కిలోల కన్నా ఈ తేడాయే విలువైనది.

ఎంతకాలం వాడి చూడాలన్నదానికీ హద్దు ఉంది. 12 వారాల్లో మొదటి బరువులో కనీసం 5 శాతం తగ్గకపోతే ఆపేయాలని ఐరోపాలో ఈ మందు వాడకం సూచనల్లోనే ఉంది. 80 కిలోల మనిషికి అది 4 కిలోలు.