ఎత్తైన కట్టడము, నల్లరేగడి నేల

ఆకాశము నంటు మేడల ప్రసక్తి వచ్చినప్పుడు అందఱును తల పైకెత్తి శిఖరమును చూతురు. నేను తమ దృష్టిని పాదము వైపునకు మరల్ప గోరుచున్నాను.

అంగళ్లు, కచేరీలు, కాపురములు, వీని నన్నింటిని ఒకే గోపురమున నిమిడ్చి కట్టుట నేటి మహానగరముల పద్ధతి. 2010వ సంవత్సరమున దుబాయిలో తెరువబడిన బుర్జ్ ఖలీఫా యట్టిది. దాని యెత్తు 828 మీటర్లు. దాని యడుగున 3.7 మీటర్ల దళసరి గల కాంక్రీటు పలక యున్నది. ఆ పలకను భూమిలోనికి 40 మీటర్లకు పైగా దిగిన స్తంభములు మోయుచున్నవి. పైకి లేచుటకు ముందు క్రిందికి దిగవలెనన్నమాట.

మన గుంటూరు సీమకు వత్తము. ఇచటి నల్లరేగడి ప్రత్తికిని మిరపకును తల్లి. గోడకు మాత్రము సవతితల్లి. ఆ మన్ను మిక్కిలి సన్నని రేకుల వంటి కణముల కూడిక. రేకుల నడుమకు నీరు చొచ్చినచో నుబ్బును, ఆరినచో ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. ఇల్లంతయు సమముగ లేచి సమముగ దిగిన చింత లేదు. చెట్టు దాపుననున్న మూల యొకరీతిని, చూరునీరు పడు మూల మఱియొకరీతిని కదలుటచే గోడ బీటలు వారును. మా వంటయింటి మూల బీటను ఏటేట పూడ్చుట నాకొక నిత్యవ్రతమైనది. పూర్వులు పునాది గోతిలో ఇసుక పోసి, నీరు పెట్టి, దిమ్మిసతో కొట్టించుట యిందుకే.

మంగళగిరి లక్ష్మీనృసింహస్వామి వారి గాలిగోపురమును తామందఱు చూచియే యుందురు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు 1807-09 ప్రాంతమున కట్టించిన యా గోపురమునకు పదునొకండు అంతస్తులు, 153 అడుగుల యెత్తు. కట్టిన పిమ్మట నది యొక ప్రక్కకు ఒరగెననియు, కంచి శిల్పులు ఎదుటి ప్రక్కను కోనేరు త్రవ్వింపుడని చెప్పిరనియు, త్రవ్వించినంతనే చక్కబడెననియు జనశ్రుతి. దీనిని పుక్కిటి పురాణమని నేను నా విద్యార్థులకు చెప్పియుంటిని. అది నా తొందరపాటు. ఇటలీ దేశమున పీసా నగరపు ఒరిగిన గోపురమును 1999-2001 నడుమ ఇంజనీర్లు కాపాడిన విధము దీనిని పోలియున్నది. ఒరగని ప్రక్క యడుగు నుండి మట్టిని కొలదికొలదిగ తీయగా, గోపురము 40 సెంటీమీటర్ల మేరకు వెనుకకు వచ్చినది. ఇందుచే మంగళగిరి కథ రుజువైనదనను. అసంభవము కాదని మాత్రము తెలిసినది.

ఇక అమరావతి. 2015లో మన రైతులు రాజధాని కొఱకు ముప్పదివేల యెకరములకు పైగా నిచ్చిరి. అచట సచివాలయమునకై అయిదు గోపురములను లండనులోని ఫోస్టర్ సంస్థ రూపకల్పన చేసెను. ఒకటి ఏబది యంతస్తులకును, తక్కిన నాలుగు నలుబదింటికిని దరిదాపుగ నుండును. వీనిలో అంగళ్లు, కాపురములు లేవు, కచేరీలే. వెలుపలి చుట్టును ఉక్కు దూలములను ఏటవాలుగ, ఒకదాని నొకటి ఖండించునట్లు కూర్తురు. వెదురుబుట్ట అల్లికను తలచుకొన్న నిది బోధపడును. బద్ద సన్ననిదైనను అల్లిక బిగువుచే బుట్ట బరువు నోర్చును. అట్లే యీ చట్రము గాలిత్రోపును ఓర్చును, లోపలి స్తంభములును తగ్గును.

ఇంతటి బరువును రేగడిపై పెట్టరాదు. కావున నల్లమన్ను తొలగించి, లోతున గట్టినేలపై పలక పఱచిరి. 2018 డిసెంబరున రాత్రింబవళ్లు విరామము లేక కాంక్రీటు పోసిరి. నడుమ ఆపినచో పాతపోతకును క్రొత్తపోతకును అతుకు చాలదు. సిమెంటు గట్టిపడునప్పుడు వేడి పుట్టును. దళసరి పలకలో లోపల వేడి, వెలుపల చల్లదనము ఏర్పడి చీలికలు రావచ్చును. అందుచే నిట్టి పోతలలో మంచునీటితో కలుపుట కలదు.

2019లో పనులు నిలిచినవి. గోతులు చెఱువులైనవి. పలకనుండి పైకి నిలిచిన యినుప చువ్వలు ఎండకు వానకు వదలబడినవి. 2024లో మద్రాసు ఐ.ఐ.టి. నిపుణులు పడవ నెక్కి పునాదులను పరీక్షింపవలసి వచ్చెను. పొలమిచ్చి, కౌలు డబ్బుకై యెదురుచూచుచు, ఆ నీటిని చూచిన రైతు మనసు తమకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పిదప నీరు తోడించిరి. 2025లో పనులు మరల నారంభమైనవి.