ఇంటి ఫోను మార్చుకోవాలా? ముందు కరెంటు సంగతి చూసుకోండి

బాన్సువాడ: ఇంటి టెలిఫోనును ఇంకా అట్టిపెట్టుకున్న కుటుంబాల ముందు ఇప్పుడొక ప్రశ్న ఉంది. పాత రాగి తీగను వదులుకుని ఇంటర్నెట్ మీద నడిచే ఫోనుకు మారాలా, వద్దా? మారితే మాటలతో పాటు పిల్లల చదువు, సినిమాలు, కబుర్లు అన్నీ ఒకే తీగ మీద వస్తాయన్నది ఆశ. నాన్నగారి కాలం నాటి నంబరు పోతుందేమో, కరెంటు లేనప్పుడు ఫోను మూగబోతుందేమో అన్నది భయం. ఆశలో నిజముంది, భయంలోనూ నిజముంది. తొందరపడి సరేననడం కన్నా, మొండికేసి వద్దనడం కన్నా నాలుగు సంగతులు తెలుసుకుని నిర్ణయించుకోవడం మేలు.

అప్పట్లో ఫోనంటే హోదా

ఒకప్పుడు ఇంట్లో ఫోను ఉండటమంటే సామాన్యమైన విషయం కాదు. డిపాజిట్టు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. పై ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసుకుని ఫోను పక్కనే కూర్చోవాలి. మన దేశంలో ఆపరేటరు అవసరం లేకుండా నేరుగా పై ఊరికి డయల్ చేసే ఎస్టీడీ సౌకర్యం 1960లో లక్నో, కాన్పూరు మధ్య మొదలైంది. అయినా చిన్న పట్టణాలకు, పల్లెలకు అది చేరడానికి మరో పాతికేళ్లకు పైనే పట్టింది. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ గ్రామాలకు అనువైన చిన్న ఎక్స్ఛేంజీని తయారు చేసింది. 128 లైన్ల ఆ ఎక్స్ఛేంజీని తొలిసారి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొల్పారు. ఆ తర్వాతే పల్లెల్లో ఫోన్ల మోత పెరిగింది.

బాన్సువాడకు దక్కిన ఎస్టీడీ కోడు 08466. పట్టణం నిజామాబాద్ జిల్లాలో ఉన్నప్పటి ఆ కోడు, 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక కూడా మారలేదు. జిల్లా మారింది గాని ఫోను నంబరు మారలేదు. దుకాణం బోర్డు మీద, పెళ్లి పత్రికల మీద, బ్యాంకు కాగితాల మీద అదే నంబరు. ఇవాళ వదులుకోవడానికి మనసొప్పకపోవడానికి కారణం ఇదే.

రాగి తీగకు వయసు మీరింది

కాగా, సెల్‌ఫోన్లు వచ్చాక ఇంటి ఫోనుకు ఆదరణ తగ్గింది. 2006 ప్రాంతంలో దేశంలో 5 కోట్ల దాకా ఉన్న ల్యాండ్‌లైన్లు 2020 నాటికి సుమారు 2 కోట్లకు పడిపోయాయి. 2000 అక్టోబరు 1న ఏర్పడిన బీఎస్ఎన్ఎల్‌లో 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేల మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు. ఏ వీధిలో ఏ జాయింటు ఎక్కడుందో చేతివేళ్ల మీద చెప్పగల లైన్‌మన్లు ఎందరో వారిలో ఉన్నారు. రాగి తీగకు వానలో చెమ్మ చేరుతుంది, జాయింట్లకు తుప్పు పడుతుంది, రోడ్డు తవ్వితే తెగుతుంది. బాగుచేసే చేతులు తగ్గినప్పుడు ఆ తీగ ఎంతకాలం నిలుస్తుంది? నెలలో పది రోజులు మూగగా పడి ఉండే ఫోను గోడకు అలంకారమే తప్ప ఆపదలో ఆదుకునేది కాదు.

తర్వాతి సంవత్సరాల్లో ల్యాండ్‌లైన్ల సంఖ్య మళ్లీ పెరగసాగింది. అయితే ఆ పెరుగుదల రాగి తీగది కాదు, ఆప్టికల్ ఫైబరుది. గాజు పోగు లాంటి ఆ తీగలో మాట వెలుగు రూపంలో ప్రయాణిస్తుంది. ఒక ఫోను సంభాషణకు సెకనుకు సుమారు 100 కిలోబిట్ల వేగం చాలు. ఫైబరు కనెక్షనులో చిన్నదానికి సైతం ఇది లెక్కలోకి రాదు. కనుక మాట స్పష్టత గురించి బెంగ అక్కరలేదు.

అసలు తేడా కరెంటులో

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రాగి తీగ మాటను మాత్రమే మోసుకురాదు, కరెంటును కూడా మోసుకొస్తుంది. ఎక్స్ఛేంజీలో పెద్ద పెద్ద బ్యాటరీలుంటాయి. అక్కడి నుంచి 48 వోల్టుల విద్యుత్తు తీగ వెంట ఇంటిదాకా వస్తుంది. అందుకే వీధి మొత్తం చీకటైనా పాత ఫోను మోగేది. గాజు పోగులో కరెంటు పారదు. ఫైబరు వచ్చాక ఫోనుకు ప్రాణం పోసేది మన ఇంటి ప్లగ్గు. గోడకు బిగించిన మోడెం పెట్టెకు కరెంటు ఆగితే ఫోను కూడా ఆగుతుంది.

బాన్సువాడ వాసులకు దీన్ని వేరే చెప్పనక్కరలేదు. ఎండాకాలపు గాలిదుమారాలకు, వానాకాలపు ఉరుములకు కరెంటు పోవడం మనకు కొత్త కాదు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోతకు రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. జిల్లాలో ఒకచోట ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు మించి వాన పడింది. అలాంటి రాత్రే ఇంటి ఫోను విలువ తెలిసివచ్చేది.

దీనికి మందు లేకపోలేదు. మోడెం వాడుకునే విద్యుత్తు 10 నుంచి 15 వాట్లే. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే మోడెం ప్లగ్గును ఆ లైనుకే కలపాలి. లేనివారు మోడెం కోసమే దొరికే చిన్న బ్యాటరీ పెట్టెను వెయ్యి, రెండు వేల రూపాయల మధ్య కొనుక్కోవచ్చు. రకాన్ని బట్టి అది కొన్ని గంటలు నడుస్తుంది. ఫైబరు బిగించేవారు దగ్గరలో ఉన్న ప్లగ్గుకే మోడెం తగిలించి వెళ్లిపోతుంటారు. ఇన్వర్టరు ప్లగ్గు ఏదో ముందే చూపించడం ఇంటివారి పని.

అయితే మన ఇంట్లో బ్యాటరీ ఉంటే సరిపోదు. వీధి చివర కేబుల్ ఆపరేటరు పెట్టెకు, ఎక్స్ఛేంజీలోని యంత్రానికి కూడా కరెంటు అందాలి. ఆ మధ్యదారిలో ఎక్కడ ఆగినా మన బ్యాటరీ వృథా. ఇదివరకే ఫైబరు తీసుకున్న పొరుగువారిని ఒక్క ప్రశ్న అడగండి: "వీధి మొత్తం కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో నెట్ పనిచేస్తుందా?" కంపెనీ కరపత్రం చెప్పని సంగతి ఆ జవాబులో దొరుకుతుంది.

పై దేశాల్లోనూ ఇదే తర్జనభర్జన

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. బ్రిటన్‌లో పాత ఫోన్ల వ్యవస్థను 2025 డిసెంబరు నాటికి మూసివేయాలనుకున్నారు. ఒంటరిగా ఉండే వృద్ధులు ఆపదలో నొక్కే అలారం మీటలు కొత్త లైన్ల మీద కొన్నిచోట్ల పనిచేయకపోవడంతో కలవరం రేగింది. గడువును 2027 జనవరికి జరిపారు. సెల్ సిగ్నలు లేక ఇంటి ఫోనునే నమ్ముకున్నవారికి, కరెంటు పోయినా కనీసం గంటసేపు అత్యవసర కాల్ చేసుకునే ఏర్పాటు కంపెనీలే చేయాలని అక్కడి నియంత్రణ సంస్థ నిబంధన పెట్టింది. ఫ్రాన్స్‌లో 2030 నాటికి రాగి తీగల సేవ ముగించాలని సంకల్పించారు. ఎక్కడైనా దారి ఫైబరు వైపే. తేడా అంతా వృద్ధులను, రోగులను దృష్టిలో పెట్టుకున్నారా లేదా అన్నదే.

యాప్ వేరు, ఫోను వేరు

ఇంటర్నెట్ ఫోను అనే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నారు. మొదటిది లైసెన్సు ఉన్న కంపెనీ ఫైబరు మీద ఇచ్చే ఫోను. దానికి మామూలు నంబరు ఉంటుంది. ఎవరికైనా చేయవచ్చు, ఎవరైనా చేయవచ్చు. 112కు, 108కి కూడా కాల్ వెళుతుంది. రెండోది వాట్సాప్ వంటి యాప్. అవతలివారికీ అదే యాప్ ఉండాలి. దాని నుంచి అంబులెన్సుకు, పోలీసులకు అత్యవసర కాల్ చేయడం కుదరదు. యాప్‌లో ఉచితంగా మాట్లాడుకుంటున్నాం కదా అని ఇంటి ఫోను తీసివేసేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

గల్ఫ్‌లో బిడ్డలున్న ఇళ్లు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1న అనుమతి వచ్చింది. ఎస్టీడీ బూతులో మీటరు చూసుకుంటూ దుబాయికి మాట్లాడిన తల్లులు ఇవాళ కొడుకు ముఖం చూస్తూ మాట్లాడుతున్నారంటే అది ఇంటర్నెట్ పుణ్యమే. అయితే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ మాటల కాల్స్‌పై ఆంక్షలున్నాయి, అక్కడ అనుమతి పొందిన యాప్‌లే వాడాలి. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో ఇటువంటి నిషేధాన్ని సడలించింది. కనుక ఇక్కడ ఎంత మంచి ఫైబరు తీసుకున్నా అబ్బాయి ఏ దేశంలో ఉన్నాడు, ఏ యాప్ వాడుతున్నాడు అన్నది చూసుకోవాలి.

ఇక కాంక్రీటు ఇంట్లో సెల్ సిగ్నలు అందక గుమ్మంలోకి వచ్చి మాట్లాడేవారికి మరో మార్గముంది. ఇంటి వైఫై మీద సెల్ నంబరుతోనే మాట్లాడే సౌకర్యాన్ని ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ప్రారంభించాయి. ఫైబరు ఉన్న ఇంట్లో ఇది అదనపు లాభం.

నంబరు దక్కించుకోవడమెలా?

సెల్‌ఫోనుకు కంపెనీ మారినా నంబరు మారని సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. ల్యాండ్‌లైనుకు ఆ వీలు లేదు. బీఎస్ఎన్ఎల్ ఫోను వదిలి ప్రైవేటు కంపెనీ ఫైబరు తీసుకుంటే పాత నంబరు వెంట రాదు. పాత నంబరే కావాలంటే అదే సంస్థలో రాగి నుంచి ఫైబరుకు మారే దారి చూడాలి. అలా మారితే ఇదే నంబరు ఇస్తారా అన్నది దరఖాస్తు పెట్టకముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫోను ఇంకా కాలం చేసిన తండ్రి పేరిటే ఉంటే ముందుగా వారసుల పేరిట మార్పించుకోవడం మంచిది. మారాక కూడా ఇంటి ఫోను నుంచి సెల్‌కు చేసేటప్పుడు ముందు 0 కొట్టాల్సిందే. ఈ పద్ధతి 2021 జనవరి 15 నుంచి అమల్లో ఉంది.

పాత ఫోను యంత్రాన్ని పారేయనక్కరలేదు. మోడెంలో ఫోను తీగకు విడిగా రంధ్రం ఉంటే మీటలు నొక్కే ఫోను సాధారణంగా పనిచేస్తుంది. వేలు పెట్టి తిప్పే నల్ల ఫోను మాత్రం చాలా మోడెంల మీద డయల్ చేయదు. దుకాణంలో ఫ్యాక్స్, దొంగల అలారం వంటివి ఫోను లైనుకు కలిపి ఉంటే అవి నడుస్తాయో లేదో ముందే పరీక్షించుకోవాలి.

ఖర్చు లెక్క కూడా వేసుకోవాలి. ప్రకటనలో కనిపించే ధరకు 18 శాతం జీఎస్టీ తోడవుతుంది. నెలకు 400 రూపాయలన్నది 472 అవుతుంది, ఏడాదికి 5,664 రూపాయలు. ఇంటర్నెట్ వాడే ఇంటికి ఇది భారం కాకపోవచ్చు. ఫోను తప్ప మరేమీ వాడని వృద్ధ దంపతులకు మాత్రం ఆలోచించాల్సిన మొత్తమే.

ఎవరు మారాలి, ఎవరు ఆగాలి?

రాగి తీగ తరచూ మూగబోతున్న ఇల్లు మారడమే మేలు. చదువుకునే పిల్లలున్న ఇల్లు, ఇన్వర్టరు ఉన్న ఇల్లు కూడా నిస్సంకోచంగా మారవచ్చు. రాగి లైను చక్కగా పనిచేస్తూ, ఇంట్లో గుండె జబ్బు ఉన్న పెద్దలు ఒంటరిగా ఉంటూ, ఇన్వర్టరు లేకపోతే మాత్రం తొందరపడకూడదు. బ్యాటరీ ఏర్పాటు చేసుకుని, సెల్‌ఫోను వాడకం పెద్దలకు అలవాటయ్యాకే మారాలి. కార్డ్‌లెస్ ఫోను వాడేవారికి మరో మాట. దాని పీఠానికి ఇంటి కరెంటు కావాలి. కనుక రాగి లైను మీద కూడా కరెంటు పోతే అది మోగదు. మామూలు తీగ ఫోను ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మంచిది.

కనెక్షను ఇచ్చేది కంపెనీ అయినా, తీగ లాగేదీ బాగుచేసేదీ చాలాచోట్ల స్థానిక ఆపరేటరే. స్తంభాల మీదుగా వేలాడే తీగను కోతి ఊగినా, గడ్డి లారీ తగిలినా తెగుతుంది. తెగితే ఎవరు వస్తారు, ఎన్నాళ్లకు వస్తారు అన్నది ముందే అడగాలి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి. పరిష్కారం కాకపోతే కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రాసుకునే హక్కు 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం వినియోగదారుకు ఉంది.

కొత్త ఫోను బిగించిన రోజే ఒక పరీక్ష చేయండి. మెయిన్ స్విచ్ ఆపి గంటసేపు ఉంచండి. ఆ తర్వాత ఇంటి ఫోను నుంచి ఒకరికి చేయండి, బయటి నుంచి ఒకరితో చేయించుకోండి. రెండూ కుదిరితే పాత లైను రద్దుకు కాగితం ఇవ్వండి, డిపాజిట్టు తిరిగి అడగండి. కుదరకపోతే బిగించినవారిని అక్కడే నిలబెట్టి సరిచేయించుకోండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఫోను విషయంలో మాత్రం దీపం ఆర్పి చూసుకుని మరీ చక్కబెట్టుకోవాలి.