మీట నొక్కితే నిప్పు: గ్యాస్ పొయ్యి ఇగ్నైటర్ కథ

గ్యాస్ పొయ్యిని వెలిగించే నొక్కుడు మీటలో బ్యాటరీ ఉండదు, చమురు ఉండదు, రాపిడికి అరిగిపోయే రాయీ ఉండదు. వేలు నొక్కిన బలాన్నే అది వేల వోల్టుల విద్యుత్తుగా మార్చి, బర్నర్ అంచున ఒక రవ్వను పుట్టిస్తుంది. దీన్ని పీజో ఇగ్నైటర్ అంటారు. వంటింటి గ్యాస్ లైటర్ లోపల ఉండేదీ ఇదే. చేతపట్టుకుని తీసుకెళ్లగల ఒంటి బర్నర్ పొయ్యికి దీన్ని శాశ్వతంగా బిగించేస్తే లైటర్ కోసం, అగ్గిపెట్టె కోసం వెతుక్కునే పని తప్పుతుంది.

ఇలాంటి పొయ్యి అవసరం కొల్లేరు సీమలో బాగా తెలుస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పరచుకున్న ఈ మంచినీటి సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు నీరు తెస్తాయి. ఆ నీటిని ఉప్పుటేరు సముద్రంలో కలుపుతుంది. సరస్సు చుట్టూ చేపల చెరువులు ఉన్నాయి, వాటి గట్ల మీద కాపలా పాకలు ఉన్నాయి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వచ్చినవాళ్లు ఆరుబయటే వండుకుంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం వీధుల్లో తెల్లవారకముందే టిఫిన్ బళ్లు వెలుగుతాయి. వీటన్నిటికీ ఆరుబయటి గాలి, నీటి మీంచి వచ్చే చెమ్మ తప్పవు. నిప్పు పుట్టించే సాధనానికి ఈ రెండూ గట్టి పరీక్షలే.

అగ్గిపుల్ల, చెకుముకి

గీస్తే మండే పుల్లను ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి 1827లో అమ్మకానికి పెట్టాడు. శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ 1923లో మొదలై, దక్షిణాది ఇళ్లన్నిటికీ చేరింది. పుల్ల తలలో పొటాషియం క్లోరేట్, పెట్టె పక్కపట్టీ మీద ఎర్ర భాస్వరం ఉంటాయి. రెండూ ఒరుసుకున్నప్పుడే మంట పుడుతుంది. వాటిని పట్టి ఉంచేది జిగురు. వానాకాలం చెమ్మకు ఆ జిగురు మెత్తబడుతుంది. అప్పుడు పుల్ల తల రాలిపోతుంది, పట్టీ మీది మందు చెరిగిపోతుంది.

తర్వాతి మెట్టు కృత్రిమ చెకుముకి. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1903లో సీరియం, ఇనుము కలిపిన మిశ్రలోహానికి పేటెంట్ పొందాడు. గరుకు చక్రంతో గీస్తే దాని నుంచి వేడి రవ్వలు రాలతాయి. మోనజైట్ ఇసుక నుంచి గ్యాస్ దీపాల మాంటిళ్ల కోసం థోరియం తీయగా మిగిలిన పదార్థాన్ని ఆయన ఇలా పనికి తెచ్చాడు. ఆ మోనజైట్ కేరళ తీరంలో విస్తారంగా ఉంది. మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ కనిపిస్తుంది. చెకుముకి లైటర్ పెద్ద ముందడుగే అయినా దానికీ కొన్ని చిక్కులు ఉన్నాయి. రాయి అరిగిపోతుంది, తడిగాలికి తుప్పు పట్టి పొడిపొడిగా రాలుతుంది.

స్ఫటికంలో దాగిన విద్యుత్తు

అరగని రవ్వకు దారి చూపిన ప్రయోగం 1880లో పారిస్‌లో జరిగింది. జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అన్నదమ్ములు. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి ఎదురెదురు ముఖాల మీద విద్యుదావేశం చేరుతుందని వాళ్లు కనుగొన్నారు. ఈ గుణాన్నే పీజో విద్యుత్తు అంటారు. క్వార్ట్‌జ్, టూర్మలీన్, పుష్యరాగం, రోషెల్ లవణం వాళ్లు పరీక్షించిన వాటిలో ఉన్నాయి. చెరకు పంచదార స్ఫటికం కూడా ఆ జాబితాలో ఉంది. 1947లో ఆంధ్రా షుగర్స్ పుట్టిన తణుకు తాడేపల్లిగూడేనికి దగ్గరే. ఈ సీమ చెరకు తోటల నుంచి వచ్చే పంచదార పలుకులోనూ ఆ గుణం ఉంది.

దీనికి కారణం అణువుల అమరికలో ఉంది. ఈ స్ఫటికాల్లో ధన, ఋణ ఆవేశాల అమరికకు కేంద్రం చుట్టూ సౌష్ఠవం ఉండదు. నొక్కినప్పుడు రెండు ఆవేశాల కేంద్రాలు ఒకదాని నుంచి ఒకటి కొంచెం జరుగుతాయి. ఆ తేడా స్ఫటికం రెండు చివరల మధ్య వోల్టేజిగా బయటపడుతుంది.

అయితే పంచదార నీటిలో కరిగిపోతుంది. తర్వాతి కాలంలో గ్రామఫోన్లలో, మైకుల్లో వాడిన రోషెల్ లవణమూ అంతే, చెమ్మ తగిలితే చెడిపోతుంది. క్వార్ట్‌జ్ గట్టిదే గానీ అది ఇచ్చే ఆవేశం చాలా తక్కువ. తడికి చెడకుండా, ఒక్క నొక్కుతో పెద్ద రవ్వను ఇవ్వగల పదార్థం 1950ల దశకంలో గానీ చేతికి రాలేదు. అది సీసం, జిర్కోనియం, టైటానియం ఆక్సైడ్లతో చేసిన పింగాణీ. పేరు పీజెడ్‌టీ. టోక్యో సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు ఈ మిశ్రమ స్వభావాన్ని మొదట పరిశీలించారు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో బెర్నార్డ్ జాఫీ బృందం 1954లో దాని పీజో శక్తిని వెల్లడించింది. ఒకే బలంతో నొక్కితే పీజెడ్‌టీ క్వార్ట్‌జ్ కంటే సుమారు వంద రెట్ల ఆవేశం ఇస్తుంది. పొడిని అచ్చులో ఒత్తి, కొలిమిలో కాల్చి, ఆ తర్వాత బలమైన విద్యుత్ క్షేత్రంలో ఉంచితే లోపలి సూక్ష్మభాగాలు ఒకే దిశకు తిరిగి నిలుస్తాయి. అప్పుడే దానికి ఈ శక్తి వస్తుంది.

టక్కుమనే క్షణంలో జరిగేది

మీటను నొక్కుతున్నంతసేపూ లోపల ఒక స్ప్రింగు బిగుసుకుంటుంది. ఒక హద్దు దాటగానే గొళ్లెం విడివడి, చిన్న ఉక్కు సుత్తి పీజెడ్‌టీ కడ్డీని కొడుతుంది. టక్కుమని వినిపించే చప్పుడు ఆ దెబ్బదే. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా స్ప్రింగు విడుదలయ్యే బిందువు ఒకటే కనుక దెబ్బ బలం మారదు. పిల్లవాడి వేలికీ పెద్దవాడి వేలికీ ఒకే రవ్వ వస్తుంది.

ఆ దెబ్బకు పుట్టే వోల్టేజి 10,000 వోల్టులు దాటుతుంది. పొడి గాలిలో ఒక మిల్లీమీటరు ఖాళీని దాటాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. కాబట్టి 3 మిల్లీమీటర్లకు మించిన ఖాళీని కూడా రవ్వ దూకగలదు. చేతికి తగిలితే చురుక్కుమంటుంది గానీ, అందులోని శక్తి కొద్ది మిల్లీజౌళ్లే, అది ఉండేదీ క్షణంలో అతి చిన్న భాగం. గ్యాస్, గాలి సరైన పాళ్లలో కలిసి ఉంటే అంటుకోవడానికి ఒక మిల్లీజౌల్‌లో పావు వంతు చాలు.

గ్యాస్ బండ వచ్చిన దారి

రవ్వ ఉన్నంత మాత్రాన చాలదు, అంటుకునే గ్యాసు ఇంటికి చేరాలి. మన దేశంలో వంటగ్యాస్‌ను బర్మా షెల్ కంపెనీ 1955లో బొంబాయిలో ప్రవేశపెట్టింది. ఇండేన్ 1965లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 1999 నాటి దీపం పథకం, దేశమంతటా 2016 నాటి ఉజ్వల పథకం గ్యాస్ బండను పల్లెటూరి గడప తొక్కించాయి. ఇళ్లలో వాడే బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. మోసుకెళ్లడానికి వీలైన 5 కిలోల బండను ఇండియన్ ఆయిల్ 2020లో ఛోటూ అనే పేరుతో తెచ్చింది. పిడకలు, తాటాకు మట్టలు, కిరసనాయిలు పంపు స్టవ్ చేసిన పనిని చిన్న బండ, ఒంటి బర్నర్ పొయ్యి అందుకున్నాయి.

పొయ్యికి మీట అమర్చడం

అమరికకు మూడు భాగాలు కావాలి: మీట ఉన్న ఇగ్నైటర్, సిలికాన్ తొడుగు ఉన్న తీగ, పింగాణీ గొట్టంలో ఇమిడిన ఉక్కు ముల్లు. ఈ పని స్టవ్ మెకానిక్ చేతిమీదుగా జరగాలి. గ్యాసు నడిచే గొట్టాన్ని, జెట్టును, నాబ్‌ను కదిలించకూడదు.

పనితనమంతా ముల్లు నిలిపే చోటులో ఉంది. వంటగ్యాస్ గాలిలో సుమారు 2 నుంచి 9 శాతం వరకు కలిసినప్పుడే అంటుకుంటుంది. బర్నర్ లోపల గ్యాసు మరీ చిక్కగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. అంటుకునే పాలు ఉండేది రంధ్రాల బయట అంచునే. ముల్లు కొన అక్కడ, బర్నర్ లోహానికి 3 నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే రవ్వ చిన్నదైపోతుంది, దూరమైతే అసలు దూకదు.

విద్యుత్తుకు తిరుగు దారి కూడా కావాలి. ఇగ్నైటర్ రెండో చివర పొయ్యి లోహపు ఒంటికి తగలాలి. మర బిగించే చోట రంగు ఉంటే గీకేయాలి, లేకపోతే దారి మూసుకుపోతుంది. రవ్వ ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది. తీగ మధ్యలో తొడుగు చిట్లితే బర్నర్‌ను వదిలి అక్కడే దూకుతుంది. అందుకే రబ్బరు ట్యూబుకు తీగను దూరంగా కట్టాలి. బండ తీసేసి, చీకట్లో మీట నొక్కి చూస్తే రవ్వ ఎక్కడ పడుతోందో స్పష్టంగా తెలుస్తుంది. పని ముగిశాక అతుకులన్నిటికీ సబ్బునీరు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి.

మీట పెట్టే చోటు బర్నర్‌కు దూరంగా, చల్లగా ఉండాలి. పీజెడ్‌టీ ఒక స్థాయికి మించి వేడెక్కితే దాని శక్తి పూర్తిగా పోతుంది. ఆ స్థాయిని పియరీ క్యూరీ పేరుమీదే క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. అనేక రకాల్లో అది 300 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుంది. కానీ అందులో సగం వేడికే బలం తగ్గడం మొదలవుతుంది.

కొల్లేటి చెమ్మ, పడవ అడుగు

గాలి పలచనైన కొండల మీద, గడ్డకట్టే చలిలో పీజో పొయ్యిలు తరచూ మొరాయిస్తాయి. పర్వతారోహకులు అగ్గిపెట్టె కూడా వెంట ఉంచుకునేది అందుకే. సముద్రమట్టానికి కొద్దిపాటి ఎత్తులో ఉన్న కొల్లేటికి ఆ బెడద లేదు. ఇక్కడి శత్రువు తేమ. పీజెడ్‌టీకి తడి హాని చేయదు గానీ, పింగాణీ గొట్టం మీద చేరిన మంచు బిందువులు, పొంగిన గంజి, మసి వోల్టేజికి దొంగదారి ఇస్తాయి. మీట టక్కుమన్నా రవ్వ రాకపోతే ముందు చేయాల్సింది చల్లారిన ముల్లును, గొట్టాన్ని పొడిబట్టతో తుడవడం.

రవ్వ తప్పినప్పుడు గ్యాసును వదిలేసి పదే పదే నొక్కడం ప్రమాదం. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. గదిలో నేల మీదికి, పడవలో అడుగుకు దిగి నిలుస్తుంది. కొల్లేటి తాటి దోనెలో, నాటుపడవలో అది బయటికి పోయే దారి ఉండదు. రెండు మూడు నొక్కులకు అంటుకోకపోతే నాబ్ కట్టేసి, వాసన పూర్తిగా పోయాకే మళ్లీ ప్రయత్నించాలి. పడవలో కంటే గట్టు మీద వండుకోవడమే క్షేమం. ఇంకొక హద్దూ తెలిసి ఉండాలి. ఇగ్నైటర్ మంటను పుట్టిస్తుంది, కాపాడదు. గాలికి మంట ఆరిపోతే గ్యాసు వస్తూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి థర్మోకపుల్‌తో పనిచేసే వేరే రక్షణ పరికరం కావాలి, లేదా మనిషి పక్కనే ఉండాలి.

మంచి ఇగ్నైటర్ వేల నొక్కులకు తట్టుకుంటుంది. చివరికి అరిగేది సుత్తి, స్ప్రింగు, ప్లాస్టిక్ గొళ్లెమే. లోపలి పీజెడ్‌టీ బరువులో 60 శాతానికి పైగా సీసం. ఇగ్నైటర్ డొప్పలో ఉన్నంతకాలం దానివల్ల హాని లేదు. పగలగొట్టి నీటిలో పారేయడం మాత్రం తగదు. సీసం లేని పీజో పింగాణీల కోసం ప్రపంచవ్యాప్తంగా పరిశోధన సాగుతోంది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. అక్కడి చేపలు, ఆటపాక పెలికాన్లు, మనుషులు ఒకే నీటిని పంచుకుంటున్నారు. పాడైన ఇగ్నైటర్లను, లైటర్లను విప్పకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించడం ఈ పరికరం వాడకంలో ఆఖరి మెట్టు.