నల్ల విరేచనమైతే సోమవారం దాకా ఆగరాదు

శనివారం రాత్రి విరేచనం తారులా నల్లగా, జిగటగా అవుతుంది. భరించలేని కంపు. ‘వేడి చేసింది, మజ్జిగ తాగి పడుకో’ అంటారు ఇంట్లో పెద్దలు. మరునాడు ఆదివారం. పెద్ద డాక్టరు ఉండరు, సోమవారం పోదాంలే అనుకుంటారు. సోమవారం తెల్లవారేసరికి మనిషి లేచి నిలబడలేడు.

ఆ నలుపు వేడి వల్ల వచ్చింది కాదు. కడుపులోని పుండు నుంచి కారిన నెత్తురు పేగుల్లో దిగుతూ నల్లబడుతుంది. కాఫీ పొడి కలిపినట్లు వాంతి అయినా నెత్తురని అనుమానించాల్సిందే. రక్తహీనతకు ఇచ్చే ఇనుము బిళ్లలతో కూడా విరేచనం నల్లబడుతుంది గాని ఈ జిగట, ఈ కంపు ఉండవు. కీళ్ల నొప్పులకని కొట్లో కొని నెలల తరబడి మింగే బిళ్లలే చాలామందికి ఈ పుండు తెచ్చిపెడతాయి. తాగుడుతో కాలేయం చెడినవారికైతే అన్నవాహికలో ఉబ్బిన నరాలు పగిలి ఒక్కసారిగా నెత్తురు కక్కుకోవచ్చు.

సెలవునాడు ఆసుపత్రిలో చేరితే ప్రాణానికి ముప్పా? ఈ సందేహం విదేశీ వైద్యులకూ వచ్చింది. 2009లో వెలువడిన అమెరికా లెక్కల్లో శని, ఆదివారాల్లో చేరినవారిలో మరణాలు కాస్త ఎక్కువగా కనిపించాయి. బ్రిటన్‌లో 2007లో 6,750 మంది రోగుల వివరాలు సేకరించి చూస్తే, ఆ రెండు రోజుల్లో ఎండోస్కోపీ ఆలస్యమైనా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

హాంకాంగ్ వైద్యులు ముప్పు ఎక్కువగా ఉన్న 516 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు 6 గంటల లోపు, రెండో జట్టుకు 6 నుంచి 24 గంటల మధ్య గొట్టం వేసి చూశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. తొందరపడినందువల్ల అదనంగా దక్కిన ప్రాణాలు లేవు. ముందు సెలైన్, అవసరమైతే రక్తం, ఆమ్లం తగ్గించే మందు ఎక్కించి మనిషిని నిలబెట్టడమే ముఖ్యం. సెలైన్ ఎక్కించినా బీపీ నిలవని వారిని మాత్రం ఆ పరీక్షలో చేర్చలేదు.

అయితే ఈ గంటల లెక్కంతా ఆసుపత్రిలో చేరి, నిపుణుణ్ని పిలిచిన తర్వాతిది. ఇంట్లో మంచం మీద గడిచిపోయే రాత్రి ఇందులో లేదు. ఆదివారం డ్యూటీ డాక్టరు ఒక్కరే ఉన్నా సెలైన్ పెట్టగలరు, పెద్దాసుపత్రికి పంపగలరు. ఇంట్లో ఆ వీలు లేదు.

కళ్లు తిరగడం, చెమటలు, గుండెదడ ఉంటే 108కి ఫోన్ చేయాలి. రోగిని నడిపించవద్దు, మోటారు సైకిల్ మీద కూర్చోబెట్టవద్దు. వాంతి గొంతులోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటికి ఏమీ ఇవ్వరాదు, నొప్పి ఇంజెక్షన్ చేయించరాదు. మింగుతున్న బిళ్లల అట్టలన్నీ వెంట తీసుకెళ్లాలి. గుండెకు వాడే ఆస్ప్రిన్ సంగతీ, తాగుడు సంగతీ డాక్టరు దగ్గర దాచరాదు. రక్తం ఇవ్వగల ఇద్దరు బంధువులు తోడు వెళితే మంచిది.