మన పిల్లల కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా?

తెనాలి, బాపట్ల, రేపల్లె సంఘాలలో ప్రతి ఆదివారం పిల్లల చదువుల కోసం ప్రార్థన మనవులు వస్తుంటాయి. సీటు కోసం, ఫీజు కోసం, ర్యాంకు కోసం ప్రార్థిస్తాం. హాస్టల్లో ఉన్న బిడ్డకు దిగులు కలిగితే ఎవరితో చెప్పుకుంటుంది అని మాత్రం సాధారణంగా అడగం. ఇకమీదట అదీ అడగాలని మేము కోరుతున్నాము.

అలా అడగడానికి ఇప్పుడు గట్టి ఆధారముంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పునిస్తూ, దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గాని, సైకాలజిస్టు గాని, సోషల్ వర్కర్ గాని ఒక్కరైనా ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. అధ్యాపకులకే కాదు, బోధనేతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

బోధనేతర సిబ్బందికి ఎందుకు? బిడ్డ రెండు పూటలుగా అన్నం తినలేదని ముందు గమనించేది మెస్‌లో వడ్డించేవారే. రాత్రంతా గదిలో లైటు వెలుగుతోందని తెలిసేది వార్డెన్‌కే. వారు గుర్తించి చెబితే కౌన్సెలర్ ఆ బిడ్డను కూర్చోబెట్టి, తీర్పు తీర్చకుండా వింటారు. అది పరీక్షల భయమా, వైద్యం కావలసిన వ్యాధా అని చూసి, అవసరమైతే డాక్టరు దగ్గరకు పంపుతారు.

"విశ్వాసికి కౌన్సెలర్ ఎందుకు, ప్రార్థన చాలదా?" అని కొందరు అడుగుతారు. 1 రాజులు 19వ అధ్యాయం చూడండి. ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుని, ఇక చాలు, చనిపోతే మేలు అనుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రెండుసార్లు భోజనం పెట్టించాడు. ఆ తరువాతే ఆయనతో మాట్లాడాడు. దూత వచ్చి తట్టి లేపడం దేవుని సహాయమే. కౌన్సెలర్ దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కాదు.

సంఘాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కాలేజీలో చేర్చే రోజున ఫీజుతోపాటు కౌన్సెలర్ పేరు, ఆ గది ఎక్కడుందో అడిగి తెలుసుకోమని తల్లిదండ్రులకు చెప్పండి. రేపల్లె నుంచి రోజూ రైల్లో తెనాలి వెళ్లి చదువుకునే పిల్లలను, బాపట్ల వ్యవసాయ, ఇంజనీరింగ్ కళాశాలల హాస్టళ్ల నుంచి ఆరాధనకు వచ్చే పొరుగు జిల్లాల పిల్లలను పేరు పెట్టి పలకరించండి. ఫలితాల రోజున మార్కులు అడిగే ముందు, "భోజనం చేశావా అమ్మా?" అనండి.

టెలి మానస్ నంబరు 14416ను సంఘ నోటీసు బోర్డు మీద రాయించండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ ఉచిత సేవలో పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడవచ్చు. ఏ బిడ్డయినా బ్రతకాలని లేదంటే ఆ మాటను తేలికగా తీసుకోవద్దు, ఒంటరిగా విడిచిపెట్టవద్దు. ప్రక్కనే కూర్చుని ఆ నంబరుకు ఫోను చేయండి, లేదా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రార్థన దారిలోనూ చేయవచ్చు.