తన్లిన్ ఉక్కలో నలుపు-తెలుపు రీలు కడగడం

ఎపిసోడ్‌లో విన్న అంకెలన్నీ 20 డిగ్రీలవి. రంగం దాటి, బాగో నది అవతల, మన పెద్దవాళ్ళు సిరియం అన్న తన్లిన్‌లో ఏప్రిల్ నెల ట్యాంకు నీళ్ళు అంత చల్లగా రావు. కడిగిన రీలుకి రెండో అవకాశమూ లేదు.

డెవలపర్ వేడెక్కితే పని వేగం పెరుగుతుంది. హెచ్‌పీ5 ప్లస్‌ని డీ-76లో నీళ్ళు కలపకుండా కడిగితే 20 దగ్గర ఏడున్నర నిమిషాలు. 30 దగ్గర మూడు నిమిషాల చుట్టుపక్కలకి వచ్చేస్తుంది. 5 నిమిషాలకన్నా తక్కువైతే ప్రమాదం: పోసి, పారబోసేలోపే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడి ఆకాశంలో చారలొస్తాయి.

అందుకే సమానంగా నీళ్ళు కలపండి. 20 దగ్గర 11 నిమిషాలు, 24 దగ్గర ఎనిమిదికి కాస్త తక్కువ. 24కి దించడం కష్టమేం కాదు: బకెట్ నీళ్ళలో సీసాలు పెట్టి, ఐస్‌ని కవర్లో మూటకట్టి పడేయండి. డెవలపర్‌లోనే ఐస్ వేస్తే పలచబడిపోతుంది. ఫిక్సరూ, కడిగే నీళ్ళూ అదే బకెట్లో ఉండాలి. చల్లటిదాంట్లోంచి ఒక్కసారిగా వేడిదాంట్లోకి వెళ్తే ఉబ్బిన జెలటిన్ ముడతలు పడుతుంది.

అసలు తంటా చేతి చెమటతో. ఛేంజింగ్ బ్యాగులో కాసేపటికే అరచేతులు తడిసి, ఫిల్మ్ ప్లాస్టిక్ స్పైరల్‌కి అతుక్కుపోతుంది. రాత్రిపూట, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కిన బాత్రూమ్ నయం. (కరెంటు కోతకి ఈ ఒక్క లాభం ఉంది!) ముందు పనికిరాని రీలు ఒకటి తీసుకుని, వెలుతురులో పదిసార్లు ఎక్కించి చూడండి.

వానాకాలంలో ఆరడానికి రాత్రంతా పట్టొచ్చు. ఫ్యాన్ మాత్రం వెయ్యకండి, గదిలో దుమ్మంతా తడి ఫిల్మ్ మీదే వాలుతుంది.