కథ రాసినాక... యాడికి పంపేది?

హొసూరు: సిప్‌కాట్‌లోని ఓ కంపెనీలో రాత్రి షిఫ్టు దిగి బాగలూరు బస్సెక్కాక ఆమె నోటుబుక్కు తీస్తుంది. ఊరు చేరేలోగా ఒక పేజీ. అలా రెండేళ్లలో పదకొండు కథలు రాసింది. ఒక్కటీ అచ్చు కాలేదు. "రాసేది కష్టం కాదు సార్. రాసినాక యాడికి పంపేదో తెలీదు" అంటోంది పేరు రాయొద్దని కోరిన ఈ 24 ఏళ్ల అమ్మాయి.

ఐదో తరగతి దాకా చదివింది తెలుగు బడిలో. ఆ పైన అంతా తమిళమే. ఇంట్లో మాట మాత్రం తెలుగు. హొసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి ఇళ్లు కొత్త కాదు.

ఒకప్పుడు మదరాసే చిరునామా

తెలుగు కథకు ఒకప్పుడు చిరునామా ఈ రాష్ట్ర రాజధానే. 'భారతి' 1924లో, 'చందమామ' 1947లో మదరాసు నుంచే మొదలయ్యాయి. 'భారతి' 1991లో ఆగిపోయింది. కథలకూ నవలలకూ పేరుపడ్డ 'విపుల', 'చతుర' 2021లో మూతబడ్డాయి. ఇప్పుడు కథ పంపాలంటే దినపత్రికల ఆదివారం పుస్తకాలు, మిగిలిన వార, మాస పత్రికలు, పండగల పోటీలు ఉన్నాయి. వీటికి తోడు అంతర్జాల పత్రికలు. 'ఈమాట' 1998 నుంచీ వస్తోంది. 'సారంగ' ఉంది. ఆడవాళ్ల రాతలకు 'నెచ్చెలి' ఉంది. తలుపులు తగ్గాయిగానీ అన్నీ మూసుకోలేదు.

అవ్వ గుర్తుపట్టలేదు

అయితే ఈ అమ్మాయి కష్టం చిరునామా ఒక్కటే కాదు. రాగిచేను అమ్ముకుని లేఅవుట్ పక్కనే కాపురముండే ముసలామె కథ రాసి ఓ పత్రికకు పంపింది. 'కథ బాగుంది, భాష సరిచేసి పంపండి' అని జవాబొచ్చింది. టీవీలో వినే తెలుగులోకి మార్చి రాసింది. పంపే ముందు వాళ్లవ్వకు చదివి వినిపించింది. అంతా విని అవ్వ అడిగిందట, "ఈయమ్మ ఎవురు? మనూరామె కాదే!" అని. ఆ ముసలామె తానేనని అవ్వకు తెలియలేదు. అమ్మాయి ఆ ప్రతిని ఇంకా పంపలేదు.

పత్రికలకు సరిహద్దు యాస కొత్తేమీ కాదు. చిత్తూరు జిల్లా పల్లెమాటతోనే నామిని కథలు పాఠకులకు దగ్గరయ్యాయి. పులికాట్ సరస్సు ఒడ్డు పలుకుబడితో స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' రాశారు. హొసూరు ప్రాంతం వాళ్ల కథలు 'మోతుకుపూలవాన' పేరుతో పుస్తకంగా కూడా వచ్చాయి.

ఇంకో దారీ ఉంది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి.రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. ఆయన రాసింది తమిళంలో. తమ నల్లరేగడి పల్లెల వాడుక మాటలోనే రాశారు, ఆ మాటలకు నిఘంటువు కూడా కూర్చారు. 1991లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఏ భాషలో రాసినా ఊరి మాటను వదలక్కర్లేదని ఆయన రాతలే చెబుతాయి. ఈ అమ్మాయీ తమిళంలో రాయగలదు. "కానీ అవ్వకు తమిళంలో చదివితే నవ్వొస్తాది సార్" అంటోంది.

పంపే ముందు

కొత్తగా రాసేవాళ్లు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పంపే పత్రికను ముందు నాలుగైదు వారాలు చదవాలి. ఎన్ని పదాలు అడిగారో అంతలోపే ఉండాలి. కథ సొంతమనీ, ఎక్కడా అచ్చు కాలేదనీ, అనువాదం కాదనీ హామీపత్రం జతచేయాలి. ఫేస్‌బుక్‌లో పెట్టినా అచ్చయినట్టే లెక్కగట్టే పత్రికలు ఉన్నాయి. ఒకే కథను ఒకేసారి ఇద్దరికి పంపకూడదు. యూనికోడ్‌లో టైపు చేసి ఈమెయిల్‌లో పంపితే చాలాచోట్ల సరిపోతుంది, ఫోను చాలు. కథ ప్రతి ఒకటి తప్పక దగ్గర పెట్టుకోవాలి.

యాస కథ పంపేవాళ్లు ఇంకొక్క పని చేయొచ్చు. 'సంభాషణలు మా ఊరి మాటలో కావాలనే రాశాను, దయచేసి మార్చొద్దు' అని పై ఉత్తరంలో ఒక ముక్క రాయాలి. మరీ తెలియని మాటలకు అర్థాలు చివర ఇస్తే సంపాదకులకూ సులువు. ఒకచోట వద్దన్న కథ ఇంకోచోట పడొచ్చు.

అచ్చయిన కథకు చోటు కూడా ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చే పని పెట్టుకుంది. అచ్చయితే హొసూరు అవ్వ కథా అక్కడికి చేరొచ్చు.

మొన్న కలిసినప్పుడు ఆ అమ్మాయి కథను మళ్లీ మొదటి తీరుగానే టైపు చేస్తోంది. అర్థాల పట్టికలో ఏడు మాటలు చేరాయి. ఎనిమిదో మాటకు అర్థం దొరక్క అవ్వను అడిగిందట. "అదీ తెలీదా వాళ్లకి?" అని అవ్వ ఆశ్చర్యపోయిందట. ఈ వారమే పంపుతానంటోంది.